నొప్పి తెలియని చోటు

మా నాన్న సమాధి మీద పోయిన వేసవిలో పాలరాయి వేయించారు. తెల్లరాయి, నల్ల అక్షరాలు. పైన తెలుగులో, కింద ఒడియాలో ఒకటే మాట: "భళా, నమ్మకమైన మంచి దాసుడా." చెక్కినవాడి చేయి మంచిది, ఒక్క దీర్ఘం తప్పలేదు. ఆ రాయికి కావలసిన చందా రెండు ఆదివారాల్లో వచ్చేసిందని సంఘ పెద్దలు సంతోషంగా చెప్పారు. నేనూ చేతులు జోడించి వందనాలు చెప్పాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అదే మనిషి ప్రాణంతో మంచం మీద ఉన్నప్పుడు మందుల ఖర్చు కోసం అమ్మ కాగితం పెట్టుకుంటే మూడు సమావేశాలు జరిగాయి. మూడుసార్లూ కన్నీళ్లతో ప్రార్థన చేశారు. లేచి వెళ్లిపోయారు.

ఆ కన్నీళ్లు దొంగవి కావు. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది. వాళ్లు నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లు, నా పెళ్లికి పందిరి వేసినవాళ్లు. చెడ్డవాళ్లయితే ఇంత ఆలోచించే పనే లేదు. దేవుడంటే భయభక్తులున్న మనుషులు, ఒక సేవకుడు కళ్ల ముందే క్షీణించిపోతుంటే చేతులు కట్టుకుని ఎలా ఉండగలిగారు? వాళ్ల మనసులు రాళ్లని నేను అనను. శ్రమ గురించి, అంటే మనిషి పడే బాధ గురించి, మనం గుళ్లో నేర్చుకున్న మాటల్లోనే ఎక్కడో తేడా ఉందని నా నమ్మకం. ఏడాది పాటు దీన్ని మనసులో తిప్పుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు అటు పడ్డ ఊరు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండెక్కితే గిరిజనుల సవర భాష. మా గుళ్లో ఇప్పటికీ పాత తెలుగు కీర్తనలే ముందు ఎత్తుకుంటారు. వాటిలో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు మా ప్రాంతం వారే. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు బతికి, పాడుతూ తిరిగారు.

నాన్న పాస్టరు. గుమ్మ, సెరంగో వైపు కొండ గ్రామాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా తిరిగారు. మొదట్లో నడక, తర్వాత సైకిలు, చివర్లో ఎవరో ఇచ్చిన పాత మోటారుసైకిలు. సవరలు ఇచ్చే కానుక చోళ్లు, కందులు, జీడిపిక్కలు, పసుపుకొమ్ములు. వాళ్లు తమకున్న దాంట్లోంచి తీసి ఇచ్చారు. వాళ్ల మీద నాకు ఒక్క మాట లేదు. నాన్నకు మలేరియా ఎన్నిసార్లు వచ్చిందో అమ్మ లెక్క మరిచిపోయింది. వణుకుతూ దుప్పటి కప్పుకుని, రోమన్ అక్షరాల సవర బైబిలు ముందు పెట్టుకుని, ఆదివారం ప్రసంగానికి మాటలు వెతుక్కునేవారు. ఎవరైనా "అయ్యగారూ, ఎందుకింత కష్టం?" అంటే గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పేవారు. గిడుగు వారు మా ఊళ్లోనే రాజా వారి బడిలో పంతులు. క్రైస్తవులు కారు. సవరల కోసం సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో వాళ్ల పిల్లలకు బడులు పెట్టించి, మన్యం జ్వరానికి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. "ప్రభువు పేరెత్తని ఆయన చెవులిచ్చారు. ప్రభువు పేరు చెప్పుకునే నేను జ్వరానికి వెనక్కి పోనా?" అనేవారు నాన్న.

శనివారం నాన్నకు ఇంకో పని ఉండేది. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి.

పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చి నయమైన వాళ్లు కొందరు ఊరి చివర ఉంటారు. ప్రతి శనివారం పొద్దున్నే మా పెరట్లోకి వచ్చేవారు. నాన్న రెండు బేసిన్లలో నీళ్లు పోసి వాళ్ల పాదాలు నానబెట్టేవారు. అరగంట అయ్యాక గరుకురాయితో అరికాలి గట్టి చర్మం మెల్లగా గీరి, తడి పోకముందే నూనె రాసేవారు. పగుళ్లుంటే కడిగి కట్టు కట్టేవారు. మెత్తటి రబ్బరు అట్టతో చేసే ఎంసీఆర్ చెప్పులు ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చి ఇచ్చేవారు. చిన్నప్పుడు నాకు భయం వేసేది. నాన్న ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు. మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1980ల్లో వచ్చింది. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే క్రిమి చచ్చిపోతుంది. వీళ్లకి ఎప్పుడో నయమైంది, వీళ్ల నుంచి ఎవరికీ అంటదు. కానీ చచ్చిన నరం తిరిగి రాదు. వేళ్లు అరిగిపోయేది రోగం తినేసి కాదు, నొప్పి తెలియక. పొయ్యిలో కట్టె సర్దుతూ చెయ్యి కాలినా తెలీదు. చెప్పులో రాయి పడితే సాయంత్రం దాకా దాని మీదే నడుస్తారు. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఎన్నో ఏళ్లు ఈ చేతులూ కాళ్లూ పరీక్షించి తేల్చింది ఇదే. "నొప్పి దేవుడిచ్చిన కావలివాడు, పాపా. వాడు లేని ఇంట్లో దొంగలు పడతారు" అన్నారు నాన్న. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు.

ఆ మనిషికే పక్షవాతం వచ్చింది. ఎడమ పక్కంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. ఎడమ కాలి మీద వేడినీళ్లు పోసినా తెలిసేది కాదు.

మొదటి నెల ఇల్లు జాతరలా ఉండేది. రెండో నెల ఆదివారాలు మాత్రం వచ్చేవారు. మూడో నెలలో సభలకు వచ్చిన ఒక దైవజనుడు మా ఇంటికి వచ్చి నాన్న తల మీద చెయ్యి ఉంచి గట్టిగా ప్రార్థన చేశారు. కాలు కదల్లేదు. వెళ్లేటప్పుడు వరండాలో అమ్మతో, "అమ్మా, అయ్యగారి జీవితంలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో కనుక్కోండి" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాన్న మంచం పక్కన చాలాసేపు దీపం ఆర్పకుండా కూర్చుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఒక్కసారైనా అడగని ప్రశ్న ఆమె నోట్లో పెట్టి వెళ్లాడాయన.

మా పెద్దలు అలాంటి మాట అనలేదు. వాళ్లకి ఆయన మీద కోపం కూడా వచ్చింది. వాళ్లన్నది వేరు: "ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించును. ఇది అయ్యగారికి కిరీటం, అమ్మగారూ."

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి నాన్నను పాపి అంది, రెండోది పరిశుద్ధుడు అంది. కానీ రెండూ చేసిన పని ఒకటే. శ్రమకి కారణం చెప్పేశాయి, కారణం దొరికాక విన్నవాడికి ఇక పని లేకుండా పోయింది. పాపమైతే ఒప్పుకోవాల్సింది నాన్న. కిరీటమైతే ఇవ్వాల్సింది దేవుడు. మరి మంచం పక్కన నిలబడ్డవాడు చెయ్యాల్సింది? ఏమీ లేదు. ఇంటికి పోయి భోంచేయొచ్చు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులడిగింది కారణమే. "రబ్బీ, వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" వీడూ కాదు, కన్నవారూ కాదు, దేవుని క్రియలు వీనిలో ప్రత్యక్షం కావాలని అంటాడు ప్రభువు. మన ప్రసంగాలు చాలావరకు అక్కడ ఆగిపోతాయి, దేవుని క్రియ అంటే ఏదో అద్భుతం అన్నట్టు. కానీ ఆ తర్వాతి మాటలో "మనము" ఉంది. పగలున్నంతవరకు నన్ను పంపినవాని క్రియలు మనము చేయుచుండవలెను. ఆ మాట అని ఆయన నేల మీద ఉమ్మి బురద కలిపి ఆ గ్రుడ్డివాడి కళ్ల మీద పూశాడు. దేవుని క్రియ ఏదని అడిగినవాళ్ల ముందు ఆయన చేతులు బురదతో ఉన్నాయి.

పౌలు గారి ఉత్తరాల్లో ఒక చిన్న వాక్యం ఉంది, దాని మీద ఎవరూ ప్రసంగం చెయ్యగా నేను వినలేదు. రెండో తిమోతి చివర, వందనాల మధ్య: "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని." అంతే. పౌలు ఒంటి మీది గుడ్డలు తాకించినా రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాలు రాసింది. ఆ పౌలే తనతో తిరిగిన తోటి పనివాణ్ణి జబ్బుతో వదిలి రావాల్సి వచ్చింది. త్రోఫిముకి విశ్వాసం తక్కువని రాయలేదు. రహస్య పాపం ఉందని రాయలేదు. అది అతని కిరీటమనీ రాయలేదు. జబ్బుగా ఉన్నాడు, అక్కడ ఉన్నాడు, అని తిమోతికి తెలియజేశాడు. ఎక్కడున్నాడో చెప్పడం ఎందుకు? తెలిస్తే ఎవరైనా వెళ్లి చూస్తారని నేను చదువుకుంటాను.

ఎపఫ్రొదితు సంగతి ఇంకా స్పష్టం. ఫిలిప్పీ సంఘం ఇచ్చిన సాయం పట్టుకుని పౌలు దగ్గరకు వచ్చి, ఆ పనిలోనే చావు దాకా వెళ్లాడు. అతను బతికినందుకు పౌలు ఏమన్నాడు? దేవుడు నన్ను కనికరించాడు, లేకపోతే నాకు దుఃఖం మీద దుఃఖం కలిగి ఉండేది అన్నాడు. చావైతే నాకు మేలు అని అదే ఉత్తరంలో రాసుకున్నవాడు, స్నేహితుడి చావు విషయానికి వచ్చేసరికి దాన్ని దుఃఖం అనే అన్నాడు. తన శ్రమ గురించి ఒక భాష, పక్కవాడి శ్రమ గురించి ఇంకో భాష. మనం ఆ రెండు భాషలూ తారుమారు చేసుకున్నాం. మన కాలికి ముల్లు గుచ్చుకుంటే ఊరంతా ప్రార్థన కోరతాం. పక్కవాడి కాలిలోది దైవచిత్తం అంటాం.

ఇక్కడ నాన్న మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన నాతో ఏకీభవించేవారు కాదు. సంఘాన్ని డబ్బు అడగొద్దని అమ్మకు గట్టిగా చెప్పారు. ముద్దమాటల్లోనే, "నా కృప నీకు చాలును" అనేవారు. చివరి నెలల్లో ఆయన నోటి నుంచి పూర్తిగా, తడబడకుండా వచ్చిన వాక్యం అదొక్కటే. ఆయన దాన్ని నమ్మారు. దాని మీద బతికారు. దాని మీదే కన్నుమూశారు. ఆ నమ్మకం ముందు నేను తల వంచుతాను.

కానీ నాన్నా, అది ప్రభువు పౌలుతో అన్న మాట. కొరింథు సంఘం పౌలుతో అన్న మాట కాదు. తండ్రి బిడ్డతో "ఈ పూటకి ఇది చాలమ్మా" అనొచ్చు. నిండిన విస్తరి ముందు కూర్చున్న పక్కింటివాడు ఆ బిడ్డతో అదే మాట అంటే దాన్ని ఏమంటాం? సంఘానికి రాసి ఇచ్చిన వాక్యం వేరే ఉంది, "నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయవద్దు." కళ్లంలో చిక్కం చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. తాడుతో అల్లిన చిన్న బుట్ట. ఎద్దు ధాన్యం మీదే తిరుగుతుంది, వాసన తగులుతూనే ఉంటుంది, గింజ మాత్రం అందదు. పౌలు ఆ ధర్మశాస్త్ర వాక్యాన్ని తీసుకొచ్చి పెట్టింది పనిచేసే పెద్దల గురించే.

సేవలో వచ్చే శ్రమ ఒకటి. కొండ, జ్వరం, వాన, ఎదురుదెబ్బ. దాన్ని నాన్న ఎంచుకున్నారు. మనం పెట్టే శ్రమ ఇంకొకటి. దాన్ని ఆయన ఎంచుకోలేదు. ఈ రెండోదానికి కూడా సిలువ అని పేరు పెట్టేయడం నాకు మింగుడు పడదు.

ఆస్ట్రేలియా మిషనరీ గ్రహం స్టెయిన్స్ గారి పేరు మా వైపు ప్రతి సభలో వినిపిస్తుంది. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న ఆయన్నీ, పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ తగలబెట్టారు. ఆ రాత్రి గురించి ఏడుస్తూ చెబుతారు, చెప్పాలి కూడా. కానీ ఆయన 1965లో వచ్చారు. మయూర్‌భంజ్‌లో కుష్ఠు రోగుల మధ్య మూడు పదుల పైచిలుకు ఏళ్లు గడిపారు. ఆ ఏళ్లలో ఎన్ని శనివారాలుంటాయి? ఎన్ని పాదాలు కడిగి ఉంటారు? వాటి గురించి ఒక్క ప్రసంగం నేను వినలేదు. భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకున్న గ్లాడిస్ గారు చంపినవాళ్లను క్షమించానన్న మాట చెబుతాం. ఆ తర్వాత ఆమె వెంటనే వెళ్లిపోకుండా, ఇంకా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి ఆ రోగుల ఆశ్రమం నడిపించిన సంగతి ఒక ముక్కలో దాటేస్తాం. డెన్మార్క్ నుంచి వచ్చి 1954లో బిస్సంకటక్‌లో ఆస్పత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ గారి పేరైతే మా యువజన కూడికలో ఎవరికీ తెలీదు. ఆమెను ఎవరూ చంపలేదు కదా. చావు మనకు కావాలి. దాని ముందున్న దినచర్య మనకు అక్కర్లేదు. అందుకే పాలరాయికి చందా రెండు వారాల్లో వస్తుంది.

ఇప్పుడు నా తప్పు. నాన్నను చూసుకోవడానికి బడికి సెలవు పెట్టి వచ్చింది నేనే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని. వీపు చూసేదాన్ని, నడుము చూసేదాన్ని. ఎడమ మడమ చూడలేదు. ఒక శనివారం ఆ కాళ్ల వాళ్లలో ఒక పెద్దమ్మ వచ్చింది. రెండు చేతుల వేళ్లూ సగానికే ఉంటాయి ఆవిడకు. నాన్న మంచం దగ్గర కింద కూర్చుని, దుప్పటి తొలగించి, వంగిన అరచేతుల మధ్య ఎడమ పాదం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నా వైపు చూసింది.

"ఏటి పాపా, మడమ సూడలేదేటి?"

మడమ వెనక రూపాయి బిళ్లంత నల్లగా అయిపోయింది. చుట్టూ చర్మం ఉబ్బి ఉంది.

"అయ్యగారు ఏం చెప్పలేదు, పెద్దమ్మా. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు" అన్నాను.

"నొప్పెట్టదు గదా మరి. నొప్పెట్టని సోటే సూడాల. నొప్పెట్టేది అదే సెప్తాది."

ఆ మాట ఆవిడకు నాన్న నేర్పిందే. ఇరవై ఏళ్ల శనివారాల్లో నేర్పినది, తిరిగి ఆయన కాలి దగ్గరకు వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ దాదాపు రోజూ సాయంత్రం వచ్చేది. ప్రార్థన గట్టిగా చేసేది కాదు. మడమ కింద పాత చీర మడత పెట్టి కాలు మంచానికి తగలకుండా ఎత్తేది. నా చేత కడిగించేది. పుండు మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. మానింది. నాన్న పుండుతో పోలేదు, ఆ మాట అమ్మ అందరికీ చెబుతుంది.

ఒక అవయవం శ్రమపడితే అవయవాలన్నీ దానితో శ్రమపడతాయని పౌలు సంఘం గురించి రాశాడు. దాన్ని ఒక ఆజ్ఞలా చదివేదాన్ని. ఆ మడమ చూశాక వైద్యుడు చెప్పే లక్షణంలా కనిపిస్తోంది. బతికున్న ఒంట్లో అలాగే జరుగుతుంది. జరగడం లేదంటే నరం ఎక్కడో తెగింది. మా సంఘంలో ప్రేమ లేదని నేను అనడం లేదు. మా పాటలు బతికున్నాయి, మా కన్నీళ్లు బతికున్నాయి. సేవకుడి ఇంటి నుంచి సంఘానికి నొప్పి మోసుకొచ్చే నరం మాత్రం చచ్చింది. దాన్ని చంపింది మనం మంచి మనసుతో వాడిన మాటలే: పరీక్ష, కిరీటం, దైవచిత్తం. నొప్పి బయలుదేరిన ప్రతిసారీ దారిలో ఈ మాటల్లో ఒకటి దాన్ని ఆపేసింది. స్పర్శ లేని కాలు ఏడవదు. ఆ కాలున్న మనిషి ఒక వాక్యం పట్టుకుని అంతా బాగానే ఉందని నమ్ముకోవడం తేలిక. ఆ కాలిని రోజూ దీపం పెట్టి వెతికి చూడాలి, అది అడగదు కాబట్టి.

పోయిన నెల సంఘ పెద్దల ముందు ఒక కాగితం పెట్టాను. కానుకల లెక్కలో ప్రతి నెలా సేవకుల వైద్యానికి ఒక వరుస విడిగా ఉండాలి. జబ్బుపడ్డ ఇంటికి ప్రార్థనకు వెళ్లేవాళ్లు ఒక పని కూడా పట్టుకుని వెళ్లాలి, నీళ్లు మోయడమో, మందులు తేవడమో, రాత్రి కాపలా కూర్చోవడమో. ఇప్పుడున్న పాస్టరు గారు కుర్రాడు, కొండ మీద గ్రామాలు ఆయనవే, ఈ వానల్లో రెండుసార్లు జ్వరం పడ్డారు. ఆయన అడగరు. అడగకూడదని ఆయనకూ ఎవరో నేర్పారు.

పంటలు చేతికొచ్చాక చూద్దాం అన్నారు. అందరూ లేచాక, నాన్న మంచం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చిన పెద్దాయన ఒక్కరే ఉండిపోయారు. కండువా తిప్పుకుంటూ, "అమ్మాయీ, మా అన్నయ్య ఆరు నెలలుగా మంచం మీద ఉన్నాడు. ఆ మడమ సంగతి... ఎలా చూడాలో ఓసారి చెబుతావా?" అన్నారు.

శనివారం రమ్మన్నాను. వచ్చారు. పెరట్లో అమ్మ అప్పటికే రెండు బేసిన్లూ పెట్టింది. నాన్న పోయాక ఒక్క వారం కూడా అవి బోర్లించి లేవు. ఆయన కాసేపు గుమ్మంలోనే నిలబడ్డారు, తర్వాత చెప్పులు విడిచి వచ్చి పీట మీద కూర్చున్నారు. పెద్దమ్మ నీళ్లలోంచి కుడికాలు తీసి ఆయన ముందు పెట్టి, "సూడండి బావూ, ఇలా తిప్పి సూడాల" అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగారు. అరికాలి మధ్యలో నల్లటి చుక్క. తుమ్మముల్లు, చెప్పు అట్టలోంచి దిగి లోపలే విరిగింది. ఎప్పటి నుంచి ఉందని ఆయన అడిగితే, తనకేం తెలుసునని నవ్వింది పెద్దమ్మ. నేను పట్టకారు కోసం లోపలికి వెళ్లాను.